కాళహస్తి వ్రాతపని

2010వ సంవత్సరము మే నెల 26వ తేదీ రాత్రి శ్రీకాళహస్తిలో రాజగోపురము కూలిపోయెను. చదువరులారా, మీలో అనేకులకు ఆ దినము జ్ఞాపకముండును. కొన్ని దినములకు ముందే గోడలలో బీటలు కానవచ్చినందున అధికారులు చుట్టుప్రక్కల జనులను దూరముగా పంపివేసిరి. అందుచేత ప్రాణనష్టము కలుగలేదు. విజయనగర ప్రభువైన కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురమది. 494 ఏండ్లు ఎండకును వానకును నిలిచినది, చూచుచుండగానే రాళ్ల కుప్పయైపోయెను. ఊరిలో ముసలివారు పిల్లలవలె ఏడ్చిరి. తరువాత అదే చోట క్రొత్త గోపురమును లేపి 2017లో ప్రతిష్ఠించిరి. నేడు రైలు దిగి ఊరిలోనికి నడచువానికి కనబడునది ఆ క్రొత్తదే.

ఆ గోపురమునకు కూతవేటు దూరమున, ఇరుకు సందులలో, రాయల నాటి చాయలు గల మరియొక పని నేటికిని జరుగుచున్నది. దానికి రాయి లేదు, సున్నము లేదు. నూలు గుడ్డ, వెదురుపుల్ల, కరక్కాయ, గేదెపాలు, బెల్లపు నీరు, తుప్పుపట్టిన ఇనుము, ఇంతే దాని సామగ్రి. ఊరివారు దానిని వ్రాతపని అందురు. లోకము కలంకారీ అనును. కలముతో చేయు పని అని ఆ పారసీక మాటకు అర్థము. రాయి పడిపోయిన ఊరిలో గుడ్డ ఎట్లు నిలిచినదో మీకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందు ఊరిని గూర్చి కొంచెము. శ్రీకాళహస్తి తిరుపతికి 40 కిలోమీటర్లకు లోపుగా, గూడూరు నుండి రేణిగుంటకు పోవు రైలుమార్గము మీద, స్వర్ణముఖి ఏటి ఒడ్డున ఉన్నది. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క ఏరు, నడుమ కోవెల. 2022 వరకు ఇది చిత్తూరు జిల్లాలోనిది. ఆ సంవత్సరము ఏప్రిలు నుండి తిరుపతి జిల్లాలో చేరినది. మన పెద్దలు నోరు తిరుగక కాళాస్త్రి అనుట మీరు వినియుందురు. శ్రీ అనగా సాలెపురుగు, కాళము అనగా పాము, హస్తి అనగా ఏనుగు. ఈ మూడును ఇక్కడ శివుని పూజించినవని స్థలకథ. వేటకాడైన కన్నప్ప తన కన్ను పెరికి ఇచ్చిన కథయు ఇక్కడిదే. రాయల కాలపు కవియైన ధూర్జటి ఈ ఊరి దేవుని పేరుతోనే శతకము వ్రాసి, అందులో రాజులను తిట్టిపోసెను. రాజు కట్టించిన గోపురపు నీడలో రాజులను తిట్టిన కవి! తెలుగు దేశమున ఇట్టి వింతలు తక్కువేమియు కావు.

మీలో కొందరు ఇక్కడ ఆగి అడుగుదురు: కోవెలల ఊరిలోని బొమ్మల గుడ్డ సంగతి సంఘములలోని మనకెందుకు? న్యాయమైన ప్రశ్నయే. మొక్కుబడి వేరు, పనితనము వేరు. పొరుగువాని చేతిలోని నేర్పును చూచి సంతోషించుటకు మనము మన విశ్వాసమును గడప దగ్గర విడిచి పోవలసిన పని లేదు. మరియు, ముందు మీరే చూతురు, ఈ వ్రాతపని చరిత్రలో మనవారి చేతులు కూడ ఉన్నవి.

ఈ కళ ఎందుకు పుట్టినదో తెలియవలెనన్న ఆ సీమలోని పండుగలను చూడవలెను. సంక్రాంతి మరునాడు, కనుమనాడు, ఉత్సవమూర్తులను కొండల చుట్టు గిరిప్రదక్షిణకు తీసికొనిపోవుదురు. పల్లెజనము వెంట నడచును. మాఘమాసములో శివరాత్రి బ్రహ్మోత్సవములు. రథము, తెప్ప, మరల కొండచుట్టు ఊరేగింపు. ఆ దినములలో ఊరిలో నిలువ చోటుండదు. ఎండకాలము వచ్చినదా, చిత్తూరు సీమ పల్లెలలో భారతము మొదలగును. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లు వీథినాటకము. ఒకనాడు అర్జునుని వేషగాడు పాశుపతాస్త్రము కొరకు తపస్సు చేయుటకని పొడుగాటి తాటిమాను ఎక్కును. కడపటి దినమున నేలమీద దుర్యోధనుని మట్టిబొమ్మ, ఒక కళ్లమంత పొడుగున పరుండియుండును. భీముని వేషగాడు గద పట్టి దాని తొడ పగులగొట్టును. మన వాడలలోని పిల్లలు కూడ గోనెపట్టా చంకన పెట్టుకొని పోయి, వెనుక వరుసలో కూర్చుండి చూచి, తెల్లవారి పాఠశాలలో నిద్రపోయినవారే. తిరుపతిలో మే నెలలో గంగమ్మ జాతర; అక్కడ దినమునకొక వేషము.

వెనుక వరుస అంటిని. ఆ మాటకు చరిత్ర ఉన్నది. 1947లో మద్రాసు ప్రభుత్వము ఆలయప్రవేశ చట్టము చేయువరకు మన తాతలలో అనేకులకు ఆ గోపురపు వాకిలి దాటు హక్కు లేదు. లోపలి నూరుకాళ్ల మండపము, స్తంభముల మీద చెక్కిన బొమ్మలు, వారికి వినికిడి మాత్రమే. రాతిమీది కథ లోపలనే ఉండిపోయెను. ఆట మాత్రము వెలుపలికి వచ్చెను. గుడ్డమీది బొమ్మకు గూడ ఆ సౌకర్యము కలదు. చాపవలె చుట్టి భుజముమీద వేసికొని ఎక్కడికైనను తీసికొనిపోవచ్చును.

పాతకాలపు కాళహస్తి గుడ్డను మీరు ఎప్పుడైన చూచితిరా? నడుమ పెద్ద బొమ్మ ఒకటి. చుట్టును వరుసలు వరుసలుగా గదులు. ఒక్కొక్క గదిలో కథలోని ఒక్కొక్క సంఘటన. వరుసకు మీదనో క్రిందనో సన్నని పట్టీలో తెలుగు అక్షరములతో ఆ సంఘటన వ్రాసియుండును. రామాయణము, భారతము, భాగవతము, కన్నప్ప కథ. కోవెల గోడలకు, రథములకు, మండపములకు ఇట్టి గుడ్డలు కట్టువారు. చదువురాని వారికి వాటిని చూపి కథ చెప్పువారు. మన ఆదివారపు బడిలో ఉపాధ్యాయుడు చిత్రపటమును చెట్టుకు వ్రేలాడదీసి, కర్రతో చూపుచు తప్పిపోయిన కుమారుని కథ చెప్పుట మీకు తెలియును గదా. పద్ధతి ఇంచుమించు అదే. లేపాక్షి కోవెల పైకప్పు మీద విజయనగరపు చిత్రకారులు వ్రాసిన బొమ్మలను చూచినవారు ఈ గుడ్డలను చూడగానే ఆ పోలిక పట్టగలరు. ఆ విశాలమైన కన్నులు, ఆ పంచెల అంచులు, ఆ నిలుచు తీరు. రంగులకు గూడ కట్టడి కలదు. దేవతలకు నీలము, రాక్షసులకు ఎరుపో పచ్చయో, స్త్రీలకు బంగారు పసుపు.

ఇక పని. దీనిని గూర్చి కొంచెము నిదానముగా చెప్పనిండు, ఎందుకనగా దీని గొప్పతనమంతయు ఇందులోనే ఉన్నది.

ముతక నూలుగుడ్డను తెచ్చి గంజి పోవువరకు ఉతుకుదురు. కరక్కాయలను దంచిన పొడిని గేదెపాలలో కలిపి అందులో గుడ్డను నానవేసి పిండి ఆరవేయుదురు. కరక్కాయలో వగరు ఉన్నది. పాలలో కొవ్వు ఉన్నది. కొవ్వు ఉన్నందున రంగు గుడ్డలో ప్రాకిపోక గీసిన చోటనే నిలుచును. పాలు లేని గుడ్డమీద గీత గీసినయెడల అది తడిసిన కాగితముమీది సిరావలె చెదరిపోవును. ఈ చిన్న సంగతిని మొదట ఎవరు కనిపెట్టిరో, ఏ ఇల్లాలి పాలకుండ ఏ నాడు ఒలికినదో!

కలము అనునది వెదురుపుల్ల. మొన చెక్కి, మొనకు కొంచెము ఎగువన ఉన్నియో గుడ్డపీలికయో చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చుకొని ఉంచుకొనును. వ్రేళ్లతో మెల్లగా ఒత్తిన కొలది మొనకు దిగును. సన్నని గీతకు సన్నని మొన, నింపుటకు మొద్దు మొన. మొదట చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మను గీసికొందురు. తరువాత నల్లనీరు. పాత ఇనుపముక్కలు, బెల్లము, నీరు ఒక కుండలో వేసి మూడు వారముల వరకు పులియనిత్తురు. వడగట్టిన ఆ నీరు తానుగా నలుపు కాదు, మురికి గోధుమరంగు. కాని కరక్కాయ పట్టిన గుడ్డకు అది తగిలిన వెంటనే, మీరు చూచుచుండగనే, నల్లబడును. ఇనుమును వగరును కలిసి చేయు పని అది. ఆ నలుపు ఇక ఉతికినను పోదు.

ఎరుపు సంగతి ఇంకను చిత్రము. ఎరుపు కావలసిన చోట్ల పటికనీరు పూయుదురు. అప్పుడు అక్కడ రంగేమియు సరిగా కనబడదు. ఒక దినమో రెండు దినములో ఉంచి, పారు నీటిలో గుడ్డను ఉతుకుదురు. తరువాత చిరువేరు, సురుడు చెక్క వంటి ఎర్ర వేళ్లను, చెక్కలను వేసి కాచిన నీటిలో గుడ్డనంతయు ముంచి ఉడుకబెట్టుదురు. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకొనును. మిగిలిన చోట అంటిన మరకను పేడనీటితోను పాలతోను ఎండతోను పోగొట్టుదురు. పసుపుపచ్చకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క, నీలమునకు నీలిమందు, నీలము మీద పసుపు వేసినయెడల ఆకుపచ్చ. ఒక్కొక్క రంగు తరువాత మరల ఉతుకు, మరల ఎండ. ఈ అంచెలు 17 అని కొందరు, 23 అని కొందరు లెక్కింతురు. లెక్క ఏదైనను, వారముల పని.

పారు నీటిలో అంటిని గదా, దానిని గుర్తుంచుకొనుడి. నిలువ నీటిలో ఉతికినయెడల వదలిన పటిక మరల గుడ్డకే అంటుకొని, ఎరుపు రాకూడని చోట వచ్చును. పారు నీరు దానిని కొట్టుకొనిపోవును. అందుచేత ఈ కళకు ఏరు కావలెను. ఏటిగట్టున ఇసుక కావలెను. మబ్బులేని ఎండ కావలెను. స్వర్ణముఖి ఈ మూడింటిని ఇచ్చెను. ఈ వ్రాతపనివారు ఈ ఏటి గట్టును పట్టుకొని ఉండుటకు దేవుని కోవెల ఎంత కారణమో, ఆ నీరును అంత కారణము.

ఇట్టి రంగుగుడ్డల కొరకే సముద్రములు దాటి జనులు మన తీరమునకు వచ్చిరి. బందరు మొదలు పుదుచ్చేరి దాటువరకు ఈ తూర్పుతీరమంతయు రంగుగుడ్డల సంతగా ఉండెను. 1639లో ఇంగ్లీషు వర్తకుడైన ఫ్రాన్సిస్ డే ఇసుకతిన్నెల మీద ఒక చిన్న స్థలమును కోట కట్టుకొనుటకు పొందెను. ఆ చోట మంచి గుడ్డలు చవుకగా దొరకునని అతడు తన పై అధికారులకు నచ్చజెప్పియుండెను. స్థలము ఇచ్చినవారు దామర్ల వెంకటాద్రి నాయకుడును అతని సోదరుడును; తమ తండ్రి చెన్నప్ప పేరిట ఆ ఊరు చెన్నపట్నమైనది. తరువాతి కాలమున కాళహస్తి జమీందారులుగా ఏలినది ఆ దామర్ల వంశమే. చెన్నపట్నమునకు పని వెదకుకొనుచు పోయిన మన సీమవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలియును?

నూలుగుడ్డమీద ఉతికినను పోని రంగువేయు నేర్పు ఐరోపాలో అంతగా తెలియదు. కనుక అక్కడి స్త్రీలు మన గుడ్డలకై ఎగబడిరి. అక్కడి నేతగాండ్రు కడుపు మండి మొరపెట్టిరి. 1686లో ఫ్రాన్సు దేశము రంగువేసిన గుడ్డలను నిషేధించెను. 1759 వరకు ఆ నిషేధము ఉండెను. ఇంగ్లాండు 1701 నుండి ఒక చట్టమును, 1721లో మరియొక గట్టి చట్టమును తెచ్చెను. మన ఏటిగట్టున పేడనీటితో ఉతికిన గుడ్డను గూర్చి రాజులు చట్టములు చేయవలసివచ్చెను.

ఇక్కడనే మనవారి మాట. పుదుచ్చేరిలో కూర్దూ అను ఫ్రెంచి పాదిరి ఉండెను. జెస్యూటు సభవాడు, తెలుగును సంస్కృతమును చక్కగా నేర్చినవాడు, సంస్కృతమునకును లాటినునకును చుట్టరికమున్నదని 1767లోనే ఫ్రాన్సు పండితులకు వ్రాసినవాడు. అతడు 1742లో తన దేశమునకు వ్రాసిన ఒక లేఖలో గుడ్డకు రంగువేయు పద్ధతినంతయు పూసగుచ్చినట్లు వర్ణించెను. కరక్కాయ, గేదెపాలు, బొగ్గు, నల్లనీరు, పటిక, చిరువేరు, అన్నియు అందులో కలవు. ఎవరు చెప్పగా తెలిసికొనెను? తన చేత బాప్తిస్మము పొందిన రంగుపనివారే చెప్పిరి. వారి పేర్లు ఎవరును వ్రాసిపెట్టలేదు. గురువుగారు అడిగెను, శిష్యులు దాచుకొనక చెప్పిరి. ఆ సమాచారము ఐరోపాలోని అద్దకపువారికి పనికివచ్చెను. చేతిలోని బ్రతుకుదెరువును అట్లు ధారపోయుట మంచిదా చెడ్డదా అని నన్నడిగిన, నాకు ఆ పేరులేని పనివారి పక్షమున కొంచెము బాధయే కలుగును.

తరువాతి కథ మీరు ఊహింపగలరు. 1783లో ఇంగ్లాండులో థామస్ బెల్ అనువాడు గుండ్రని లోహపు రోలరుతో గుడ్డమీద అచ్చువేయు యంత్రమునకు హక్కు పొందెను. 1868లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞులు వేళ్లలోని ఎరుపును ప్రయోగశాలలోనే చేయగలిగిరి. ఇక చిరువేరు త్రవ్వువాడేడి? మిల్లు గుడ్డ సంతకు వచ్చెను. బందరు ప్రాంతమున, పెడన మొదలగు ఊళ్లలో, కొయ్య అచ్చులతో అద్దువారు కొంత నిలదొక్కుకొనిరి. కాళహస్తిలో అచ్చు లేదు. ప్రతి గీతయు చేతితోనే. కోవెలల కొనుగోళ్లు తగ్గినకొలది ఇండ్లు ఒక్కొక్కటిగా కలము దించెను. ఇరువదవ శతాబ్దపు నడుమకు ఈ పని తెలిసినవారు ఊరిలో అతి కొద్దిమందియే మిగిలిరి. గోపురము నిటారుగా నిలిచియున్న ఆ దినములలో గుడ్డ చావుబ్రతుకులలో ఉండెను.

ఆ సమయమున అఖిల భారత హస్తకళల బోర్డు అధ్యక్షురాలుగా కమలాదేవి చట్టోపాధ్యాయ గారుండిరి. ఆమె పూనికతో 1957లో కాళహస్తిలో ఒక శిక్షణ కేంద్రము తెరచిరి. మిగిలిన కొద్దిమందిలో ఒకరైన జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అక్కడ నేర్పించిరి. ఎదుట కూర్చున్న కొద్దిమంది పిల్లలు. వారి చేత పట్టించిన వెదురుపుల్లలు. అంతటి చిన్న ఆరంభము. లక్ష్మయ్యగారి కుమారుడు గురప్పశెట్టి తండ్రి దగ్గరనే నేర్చి, తానును అనేకులకు నేర్పి, ఈ కళను గూర్చి తెలుగులో పుస్తకము వ్రాసిరి. 2008లో వారికి పద్మశ్రీ బిరుదు వచ్చెను. 2005-06లో శ్రీకాళహస్తి కలంకారీ అను పేరునకు భౌగోళిక గుర్తింపు దొరకెను. అనగా వేరే చోట వేరే విధముగా చేసిన గుడ్డను ఆ పేరుతో అమ్మరాదని చట్టము. వెనుక ఇది మగవారి పని. నేడు కలము పట్టిన చేతులలో అనేకము ఆడువారివి. ద్వారక అను సంస్థ కాళహస్తిలో పేద ఇండ్ల స్త్రీలకు ఈ పని నేర్పి, అమ్ముకొను దారి చూపినది.

ఈ వ్రాతగాండ్రు మన కథలను గూడ వ్రాసియున్నారు. క్రీస్తు జననము, చివరి భోజనము, సిలువ, పునరుత్థానము, అన్నియు ఆ పాత పద్ధతిలోనే, గదులు గదులుగా. అందులో మరియమ్మకు మన దేశపు చీరకట్టు. కన్నులు లేపాక్షి కన్నులు. క్రైస్తవుడు కాని చేయి కరక్కాయ గుడ్డమీద బేత్లెహేమును గీయుచున్నప్పుడు ఆ వ్రాతగాడు కథను ఎంత శ్రద్ధగా అడిగి తెలిసికొనియుండును! పడమటి దేశపు అచ్చు పటములలోని తెల్లని ముఖములకు అలవాటుపడిన మనకు ఆ గుడ్డ మొదట వింతగా తోచవచ్చును. కొంతసేపు నిలిచి చూడుడి.

అయితే ఇప్పటి కష్టము వేరు. స్వర్ణముఖిలో సంవత్సరములో ఎక్కువ నెలలు నీరు పారదు. పారు నీటి పనికి బోరునీరు తోడి తొట్లలో మార్చి మార్చి పోసికొనవలసియున్నది. ఇది ఖర్చుతో కూడిన పని. ఎరుపు కూడ వెనుకటివలె రాదని పనివారే చెప్పుదురు. రెండవ కష్టము, స్క్రీను అచ్చుతో రసాయనపు రంగులతో గంటకు ఎన్నో మీటర్లు తీసి, దానిని కలంకారీ అని తిరుపతి అంగళ్లలో వ్రేలాడదీయుట. వెల తక్కువ, కొనువాడు మోసపోవును, కలము పట్టిన స్త్రీ కూలి పడిపోవును.

కనుక కొనునప్పుడు గీతను చూడుడి. చేతి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నము. కలము రంగు నింపుకొనిన చోట ముద్దగా ఉండును. ఒకే పువ్వును రెండు చోట్ల పోల్చి చూచిన, రెండును అచ్చముగా ఒకటే ఉన్నయెడల అది అచ్చు. ముక్కు దగ్గర పెట్టుకొనుడి. క్రొత్త గుడ్డకు పాలవాసన, పుల్లని వాసన కొంచెము ఉండును. వెల ఎక్కువ చెప్పినారని వెంటనే బేరమునకు దిగకుడి. ఎన్ని వారములు పట్టినదని ముందు అడుగుడి.

శివరాత్రి దినములలో పోయినయెడల జనసమ్మర్దములో పనివారి ఇల్లు కనుగొనుట కష్టము. కార్తికములో వానలు, గుడ్డ ఆరదు. తిరునాళ్లు ముగిసి ఎండలు ముదరకముందు, ఫాల్గుణమాసములో ఒక ఉదయము పొండు. కోవెల వీథులు దాటి సందులలో అడిగినయెడల ఎవరైనను చూపింతురు. ఆ వేళకు ఉడుకబెట్టిన గుడ్డలు తీసి, ఇంటి ముందు దండెముల మీద ఆరవేయుచుందురు; ఎరుపు అప్పటికి ఇంకను పూర్తిగా తేలియుండదు.